పోచంపల్లి జనాభా ఎంత? ముందు ఏ పోచంపల్లో తేల్చుకోవాలి

2021 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాను మొట్టమొదటిసారి విడుదల చేసింది. 32 దేశాల నుంచి 44 ఊళ్ళు ఎంపికైతే, మన దేశం నుంచి ఆ గౌరవం భూదాన్ పోచంపల్లికి దక్కింది. ఇందులో ఒక చిన్న తిరకాసు ఉంది. అప్పటికి మూడేళ్ళ ముందే, 2018లో, తెలంగాణ ప్రభుత్వం పోచంపల్లిని మున్సిపాలిటీ చేసేసింది. 2020 జనవరిలో అక్కడి జనం సర్పంచ్‌ను కాదు, వార్డు కౌన్సిలర్లను ఎన్నుకున్నారు. ప్రపంచమంతా ఉత్తమ గ్రామం అని చప్పట్లు కొట్టేనాటికి మన రికార్డుల్లో అది గ్రామమే కాదు.

ఎవరూ తప్పు చేయలేదు. 15 వేలకు మించని జనాభా, తక్కువ జనసాంద్రత ఉంటే చాలు, పర్యాటక సంస్థ దృష్టిలో అది గ్రామమే. మున్సిపల్ చట్టం దారి వేరు. జనగణన శాఖకు ఈ రెండూ కాని మూడో నిర్వచనం ఉంది. పట్టుచీర కొనేవాళ్ళ మనసులో ఉన్న పోచంపల్లి నాలుగోది.

ఏ ఊరి పేరు నెట్‌లో వెతికినా ఒక ప్రొఫైల్ దొరుకుతుంది. మొత్తం జనాభా ఇంత, ఆడవాళ్ళు ఇంతమంది, అక్షరాస్యత ఇంత శాతం, ఎస్సీలు ఇంత, ఎస్టీలు ఇంత, పనిచేసేవాళ్ళు ఇంతమంది. చాలామటుకు అవి 2011 జనగణన పట్టికలోని ఒక్క వరసను వాక్యాలుగా మార్చి పోసినవే. అంకెలు సరైనవే అయినా చదివేవాడికి ఊరు కనిపించదు. ఎందుకు కనిపించదో పోచంపల్లిని ముందు పెట్టుకుని చూద్దాం. చరిత్ర ఉన్న ఏ చిన్న ఊరికైనా ఇదే వరస.

ఊరికి హద్దు ఎవరు గీశారు

జనగణనకు గ్రామం అంటే రెవెన్యూ గ్రామం. ఇళ్ళ గుంపు కాదు, సర్వే నంబర్ల గుంపు. శిస్తు వసూలు కోసం కొలిచి గీసిన హద్దు లోపల ఏముంటే అది. అందులో అసలు ఊరు ఉంటుంది, దానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఓ తండా ఉండొచ్చు, చెరువు అవతల గూడెం ఉండొచ్చు. మూడింటికీ కలిపి జనగణనలో ఒకటే పేరు, ఒకటే వరస. మనుషులే లేని రెవెన్యూ గ్రామాలూ ఉన్నాయి. వాటిని బేచిరాగ్ గ్రామాలంటారు. 2011 లెక్కల్లో దేశంలోని గ్రామాలు 6 లక్షల 40 వేల పైచిలుకు. జనం నివసించేవి మాత్రం ఆరు లక్షల లోపే. అంటే 40 వేలకు పైగా గ్రామాల్లో దీపం పెట్టే ఇల్లు ఒక్కటీ లేదు, కాగితం మీద మాత్రం ఊరుంది.

గ్రామ పంచాయతీ ఇంకో లెక్క. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత 500 జనాభా దాటిన తండాలు, గూడేలు చాలావాటిని విడి పంచాయతీలు చేశారు. రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12,751కి చేరింది. 2011లో ఒకే గ్రామంగా లెక్కపెట్టిన చోట ఇప్పుడు ముగ్గురు సర్పంచులు ఉండొచ్చు. సర్పంచ్ చెప్పే జనాభాకూ ప్రొఫైల్‌లోని జనాభాకూ పొంతన కుదరకపోతే సర్పంచ్ మీద అనుమానపడక్కర్లేదు. ఆయన తన ఊరి లెక్క చెబుతున్నాడు, ప్రొఫైల్ తాతల నాటి హద్దుల లెక్క చెబుతోంది.

పై అంచెలూ ఇంతే. 1985 దాకా మండలాలే లేవు, తాలూకాలు ఉండేవి. 2016 అక్టోబరు 11 దాకా పోచంపల్లి నల్లగొండ జిల్లా, ఆ తర్వాత యాదాద్రి భువనగిరి జిల్లా. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 'జిల్లా సగటు కంటే ఎక్కువ', 'జిల్లా సగటు కంటే తక్కువ' అని రాసే ప్రొఫైళ్ళలో చాలావరకు ఇప్పుడు ఆ రూపంలో లేని జిల్లాతో పోలుస్తున్నవే.

నేత ఊళ్ళకు ఇంకో చిక్కుంది. జనాభా 5,000 దాటి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండి, ఏడాదిలో ఎక్కువ కాలం పని దొరికే మగవాళ్ళలో 75 శాతం మంది సేద్యం కాని పనిలో ఉంటే, పంచాయతీ ఉన్నా సరే జనగణన ఆ ఊరిని పట్టణం కింద రాసుకుంటుంది. వ్యవసాయం మీద బతికే 8,000 జనాభా ఊరు గ్రామంగానే మిగిలిపోతే, మగ్గం మీద బతికే 6,000 జనాభా ఊరు పట్టణమైపోవచ్చు. అక్కడి వీధులు చూసినవాళ్ళెవరూ దాన్ని టౌన్ అనరు.

ఇక బట్టకున్న పోచంపల్లి సంగతి. 2004-05లో పోచంపల్లి ఇకత్‌కు, అంటే దారానికి ముందే కట్లు కట్టి రంగులద్ది నేసే బట్టకు, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ గుర్తింపు ఒక్క ఊరికి చెందింది కాదు. పుట్టపాక, కొయ్యలగూడెం, చౌటుప్పల్ లాంటి చుట్టుపక్కల ఊళ్ళలో నేసిన బట్టకూ బజారులో అదే పేరు. ఈ చిటికి (ఇకత్) నేత విద్య చీరాల వైపు నుంచి ఇటు వచ్చిందని నేతకారులే చెబుతారు. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అనే ఇకత్ బట్టకు 2020లో విడిగా గుర్తింపు రావడం వెనక 'మా పనికి మా పేరు ఉండాలి' అన్న పట్టుదల కూడా ఉందనుకుంటాను. పోచంపల్లి నేతకారులు ఎంతమంది అని అడిగితే, ఊళ్ళో మగ్గం ఉన్నవాళ్ళా, పోచంపల్లి పేరుతో బట్ట నేసేవాళ్ళా అని ఎదురు అడగాలి. రెండింటికీ మధ్య కొన్ని మండలాల తేడా ఉంది.

1951లో ఏడు వారాల వ్యవధిలో రెండు లెక్కలు

స్వతంత్ర భారతదేశపు మొదటి జనగణన 1951 మార్చి 1 నాటి లెక్క. ఆ తర్వాత ఏడు వారాలు తిరక్కముందే, ఏప్రిల్ 18న, వినోబా భావే పోచంపల్లికి నడిచి వచ్చారు. హైదరాబాద్ దగ్గర శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగించుకుని, సాయుధ పోరాటంతో రగిలిన నల్లగొండ పల్లెల్లోకి బయలుదేరిన యాత్ర అది. హరిజనవాడకు వెళ్ళి ఏం కావాలని అడిగితే, బతకడానికి 80 ఎకరాలు కావాలన్నారు. అక్కడున్న కుటుంబాలు దాదాపు 40. సాయంత్రం సభలో వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది, ఊరి పేరులోకి భూదానం వచ్చి చేరింది.

ఆ యాత్ర గురించి రాసినవాళ్ళంతా పోచంపల్లి ప్రొఫైల్‌ను ఒక్క ముక్కలో ఇస్తారు. సుమారు 700 కుటుంబాలు, అందులో మూడింట రెండు వంతుల మందికి భూమి లేదు. వినగానే మనకు కళ్ళ ముందు కదిలేది దొర పొలంలో వెట్టి చేసే కూలీల ఊరు. అలాంటి కూలీలు ఉన్నారు, 80 ఎకరాలు అడిగింది వాళ్ళే. కానీ భూమి లేనివాళ్ళందరూ వాళ్ళే కాదు. సాలోళ్ళకూ చాలామందికి భూమి లేదు, మగ్గం ఉంది. వాళ్ళ కష్టాలు నూలు ధరతో, షావుకారి దగ్గర అప్పుతో ముడిపడినవి. భూమి లేకపోవడం అనే ఒకే మాట కింద రెండు వేర్వేరు బతుకులు కలిసిపోయాయి. వినోబా బృందం ఊరిని భూమి కోణంలో చూసింది కాబట్టి భూమి ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అన్న గీతే కనిపించింది. భూమి కోసం తుపాకులు పేలుతున్న జిల్లాలో ఆ గీత ముఖ్యమైనదే, కాదనలేం.

అదే ఏడాది జనగణన వేసిన ప్రశ్న ఇంకోలా ఉంది. 1951లో జనాన్ని ఎనిమిది జీవనాధార వర్గాలుగా విడగొట్టారు. సొంత భూమి దున్నేవాళ్ళు ఒకటి, ఇతరుల భూమి దున్నేవాళ్ళు రెండు, వ్యవసాయ కూలీలు మూడు, దున్నకుండా కౌలు తినేవాళ్ళు నాలుగు. మిగతా నాలుగూ సేద్యం కానివి: ఉత్పత్తి, వ్యాపారం, రవాణా, ఇతర సేవలు. నేతకారులు ఐదో వర్గంలోకి వెళ్ళిపోతారు, కూలీలు మూడో వర్గంలో ఉంటారు. వినోబా లెక్కలో కలిసిపోయినవాళ్ళు ఇక్కడ విడిపోయారు. జమీందారీలు, జాగీర్లు రద్దవుతున్న కాలం అది. భూమి ఎవరిది, దున్నేది ఎవరు అన్నది ప్రభుత్వానికి కావాలి కాబట్టి అంత వివరంగా అడిగారు.

ఇప్పటి జనగణనలో వ్యవసాయానికి రెండే గడులు: సాగుదారు, వ్యవసాయ కూలీ. పదెకరాల పట్టాదారూ, కాగితం లేకుండా పదెకరాలు కౌలుకు చేసే రైతూ ఒకే గడిలో ఉంటారు. తెలుగు రాష్ట్రాల్లో రైతు ఆత్మహత్యల చర్చంతా కౌలు రైతుల చుట్టూ తిరుగుతుంటే, ఊరి ప్రొఫైల్‌లో వాళ్ళ జాడే ఉండదు. భూమి రికార్డులు చూద్దామా అంటే, తెలంగాణ పహాణీలో ఒకప్పుడు పట్టాదారు కాలమ్ పక్కనే అనుభవదారు కాలమ్ ఉండేది. 2020లో ధరణి అనే భూరికార్డుల పోర్టల్ వచ్చాక అదీ పోయింది. 70 ఏళ్ళ కింద అడిగిన ప్రశ్నను ఆ తర్వాత అడగడం మానేశాం.

ఆసు పోసే చెయ్యి ఏ గడిలో ఉంది

ఇకత్ చీర నేయడానికి ముందు జరిగే పనుల్లో ఆసు ఒకటి. ఒక చివర ఒక మేకు, మీటరు దూరంలో అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూ ఒక్కో మేకుకూ వేసుకుంటూ పోవాలి. ఇలా పోసిన దారాన్నే ఆ తర్వాత డిజైన్ ప్రకారం కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అలా కదలాలి, ఐదారు గంటలు పడుతుంది. ఈ పని చేసేది దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళే. వంటకీ వంటకీ మధ్య, పిల్లల్ని బడికి పంపాక, మళ్ళీ సాయంత్రం. భుజాలు పడిపోతాయి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పి చూడలేకే ఆసు యంత్రం తయారు చేశాడు. దానికి ఆమె పేరే, లక్ష్మి అని పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు ఇలాంటి ఇంటికి జనగణన చేసే టీచర్ వచ్చారనుకోండి. నువ్వేం పని చేస్తావమ్మా అంటే వచ్చే జవాబు 'ఏం లేదు సార్, ఇంట్లనే ఉంట'. పక్కనుంచి ఇంటాయన 'మగ్గం పని నేనే చేస్త' అంటాడు. ఆమె పని చేయని వ్యక్తి కింద నమోదైపోతుంది. టీచర్‌కు ఓపిక ఉండి ఇంకో ప్రశ్న వేస్తే, సంవత్సరంలో ఆరు నెలల పైన పని చేస్తే మెయిన్ వర్కర్, తక్కువైతే మార్జినల్ వర్కర్. రోజుకు నాలుగైదు గంటల చొప్పున ఏడాదంతా చేసే పని ఆరు నెలల కిందకు వస్తుందో రాదో ఆ నిమిషంలో ఎవరు లెక్క కడతారు?

నిబంధనల ప్రకారం చూస్తే ఆమె ఇంటి పరిశ్రమ కార్మికురాలే. కుటుంబ మగ్గంలో జీతం లేకుండా చేసినా పని పనే అని సూచనల్లో ఉంది. 1951లోనైతే ఆమెకు వేరే పేరు ఉండేది. అప్పుడు ప్రతి మనిషినీ స్వయంపోషకులు, సంపాదించే ఆధారితులు, సంపాదన లేని ఆధారితులు అని మూడు రకాలుగా రాసేవారు. ఆసు పోసే మనిషి రెండోదో మూడోదో అయ్యేది.

అందుకే నేత ఊరి ప్రొఫైల్‌లో 'మహిళా కార్మికుల శాతం తక్కువ' అని కనిపిస్తే నేను నమ్మను. అదే పట్టికలో పక్క గ్రామంలో ఎక్కువ శాతం కనిపిస్తుంది. అక్కడ ఆడవాళ్ళు నాట్లకు, కలుపుకు వెళతారు, కూలి డబ్బు చేతిలో పడుతుంది, అడిగితే కూలికి పోతానని చెబుతారు. పని ఎక్కువ తక్కువల తేడా కాదది. డబ్బు ఎవరి చేతికి వస్తుందన్న తేడా.

కులం గురించి ప్రొఫైల్ చెప్పనిది

ఊరి గురించి తెలిసినవాళ్ళు మొదట చెప్పేది కులాలే. జనగణన ఊరి స్థాయిలో చెప్పేది ఎస్సీ, ఎస్టీ అనే రెండు అంకెలు. మతం వివరాలు కూడా మండలం స్థాయి దాకానే ప్రచురిస్తారు, ఊరికి ఇవ్వరు. అన్ని కులాల లెక్కా ప్రచురించిన చివరి జనగణన 1931 నాటిది. ఈ ఊళ్ళో ఫలానా బీసీ కులం ఇన్ని శాతం అని ఎవరైనా దశాంశ బిందువుతో సహా రాస్తే, అది జనగణన నుంచి వచ్చింది కాదు. ఎక్కువగా ఎన్నికలప్పుడు పార్టీల వాళ్ళు ఓటరు జాబితాలో ఇంటిపేర్లు చూసి బూత్‌ల వారీగా వేసుకున్న అంచనా. నిజం చెప్పాలంటే అవి ఒక్కోసారి సర్కారు లెక్కకంటే దగ్గరగా ఉంటాయి. వాళ్ళకు తప్పితే నష్టం ఉంది మరి.

ఉన్న రెండు అంకెల్లోనూ జాగ్రత్తగా చూడాల్సినవి ఉన్నాయి. తెలంగాణ ఊళ్ళలో 1971కీ 1981కీ మధ్య ఎస్టీ జనాభా ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ పదేళ్ళలో ఎక్కడినుంచో జనం వచ్చి పడలేదు. 1976 చట్ట సవరణతో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. అదే తండా, అవే కుటుంబాలు, మారింది కాలమ్. ఇది తెలియనివాళ్ళు రాసిన వలస కథలు, రాజకీయ వాదాలు బోలెడు ఉన్నాయి.

ఎస్సీ అంకె వెనక మతం ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. క్రైస్తవంలోకి మారిన దళితులు మన రాష్ట్రాల్లో బీసీ-సి కింద వస్తారు. చర్చి ఉన్న మాల, మాదిగ వాడల్లో ఎంతమంది కాగితం మీద ఏమని రాయిస్తారో ఊహించడం కష్టం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1971లో నాలుగు శాతం పైన ఉంటే 2011లో 1.34 శాతమే. అదే కాలంలో చర్చిల సంఖ్య తగ్గిందని ఎవరూ అనరు.

బీసీల విషయానికొస్తే, తెలంగాణ 2024 నవంబరులో చేపట్టిన ఇంటింటి కులసర్వేలో ముస్లిం బీసీలు కాకుండా బీసీలు 46.25 శాతం, ముస్లిం బీసీలు 10.08 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 అని తేలింది. అది రాష్ట్రం మొత్తం మీది అంకె, ఏ ఒక్క ఊరికీ సరిపోదు. ఊరికి సరిపోయినా ఒక హెచ్చరిక ఉంటుంది. పద్మశాలి అన్న ఒక్క మాట కింద నాలుగు మగ్గాలు పెట్టి ఇరవై ఇళ్ళకు నూలిచ్చే మాస్టర్ వీవర్ ఉంటాడు, ఆయన దగ్గర చీరకింతని కూలికి నేసేవాడు ఉంటాడు, మగ్గం తీసేసి హైదరాబాద్‌లో వాచ్‌మన్‌గా చేరినవాడూ ఉంటాడు. ముగ్గురూ మార్కండేయ గుడికే చందా ఇస్తారు. కులం పేరు వాళ్ళ పెళ్ళి సంబంధాలు చెబుతుంది, రాబడి చెప్పదు.

లెక్కకు దొరకని జాతులు

తెలంగాణ పల్లెల్లో చాలా కులాలకు ఒక ఆశ్రిత కులం ఉంటుంది. పద్మశాలీలకు కూనపులి వాళ్ళు, మాదిగలకు డక్కలి వాళ్ళు, చాకలి వాళ్ళకు పటం వాళ్ళు, గొల్లలకు మందహెచ్చుల వాళ్ళు. వీళ్ళు ఏడాదికోసారో రెండేళ్ళకోసారో వచ్చి ఆ కులం పుట్టుక కథ చెబుతారు. కూనపులి వాళ్ళు చెప్పేది మార్కండేయ పురాణం, డక్కలి వాళ్ళది జాంబ పురాణం. చేతిలో పొడవాటి బొమ్మల పటం ఉంటుంది, చేర్యాల నకాశీ వాళ్ళు వేసింది. ఏ ఊళ్ళు ఏ కుటుంబానివో మిరాశీగా, అంటే వంశపారంపర్య హక్కుగా, పంచుకుని ఉంటారు. కథ చెప్పి, తమకు రావాల్సిన త్యాగం, అంటే ఆ కులం ఇచ్చే ప్రతిఫలం, తీసుకుని ఇంకో ఊరికి వెళతారు.

ఊరికి సంబంధించిన మౌఖిక చరిత్ర, ఏ ఇంటిపేరు వాళ్ళు ఎక్కడినుంచి వచ్చారు, ఎవరెవరు ఒకే మూలం అన్నవి వీళ్ళ నోట ఉండేవి. ఆ ఊరి జనాభా లెక్కలో మాత్రం వీళ్ళు ఉండరు. పటం చుట్టి భుజాన వేసుకుని ఉన్నప్పుడు జనగణన జరిగితే ఎక్కడ దొరికితే అక్కడ లెక్క. చిన్న సంఖ్య కాబట్టి ఏ పట్టికలోనైనా 'ఇతరులు'లో కలిసిపోతారు. పోచంపల్లి లాంటి ఊరి కమ్యూనిటీ ప్రొఫైల్ రాసేటప్పుడు వీళ్ళను వదిలేస్తే, ఊరికి తన గురించి తనకు తెలిసిన సగం వదిలేసినట్టే.

వీళ్ళలాగే ఊరి గుట్టు తెలిసిన ఇంకొకరు కరణం. ఏ ఇనాం ఎందుకిచ్చారు, కుమ్మరి, వడ్రంగి, మంగలి ఆయగాళ్ళకు ఏ మాన్యాలున్నాయి అన్నది ఆయన దస్త్రంలో ఉండేది. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసింది. రద్దు చేయడం సబబే, పెత్తనం అలా ఉండేది. కానీ ఎన్నో ఊళ్ళలో పాత కాగితాలు ఎవరి అటకమీదకు పోయాయో తెలియకుండా పోయాయి.

లేనివాళ్ళు, చిన్న అంకెలు

మన జనగణన మనిషి ఎక్కడివాడు అని కాదు, లెక్కించే రోజుల్లో ఎక్కడ ఉన్నాడు అని చూస్తుంది. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా లెక్కించారు. ఆ రోజులన్నీ భివండీలోనో సూరత్‌లోనో పవర్‌లూమ్ మీద ఉన్న నేతన్న అక్కడి లెక్కలోకి పోతాడు. పాలమూరు వలస కూలీకి అది పని సీజన్. గల్ఫ్‌లో ఉన్నవాడు ఎక్కడా లేడు. 2011లో నిజామాబాద్ జిల్లాలో వెయ్యి మంది మగవాళ్ళకు 1,030 మందికి పైగా ఆడవాళ్ళు ఉన్నారంటే దాన్ని స్త్రీ గౌరవానికి కొలమానంగా చదివితే పొరపాటు. మగవాళ్ళు దుబాయ్‌లో ఉన్నారు.

దీనికి పూర్తి తలకిందుగా జరిగింది 2014 ఆగస్టు 19న. ఆ ఒక్క రోజున తెలంగాణ ప్రభుత్వం సమగ్ర కుటుంబ సర్వే పెట్టింది. ఊళ్ళో పేరు రాయించుకోకపోతే రేషన్ కార్డు, పింఛను పోతాయేమోనన్న టెన్షన్‌తో జనం బస్సులు, రైళ్ళు ఎక్కి ఊళ్ళకు పోయారు. హైదరాబాద్ రోడ్లు సంక్రాంతికి ఖాళీ అయినట్టు అయ్యాయి. జనగణనలో ఊళ్ళో లేనివాళ్ళు, సర్వే నాడు ఊళ్ళో ఉన్నారు. రెండు అంకెల్లో ఏది నిజం అని అడిగితే, రెండూ. ఒకటి ఊరు ఎంతమందికి అన్నం పెడుతోందో చెబుతుంది, రెండోది ఎంతమంది ఆ ఊరిని తమదనుకుంటున్నారో చెబుతుంది.

చిన్న ఊళ్ళ శాతాల్ని చూసి కంగారు పడడం ఇంకో అలవాటు. ఉదాహరణకు ఒక ఊళ్ళో ఆరేళ్ళలోపు పిల్లలు 110 మంది, అందులో మగపిల్లలు 58, ఆడపిల్లలు 52 అనుకుందాం. బాలికల నిష్పత్తి 897 అవుతుంది. చూడగానే ఆ ఊళ్ళో ఏదో ఘోరం జరుగుతోందనిపిస్తుంది. ముగ్గురు మగపిల్లల బదులు ముగ్గురు ఆడపిల్లలు పుట్టి ఉంటే 55, 55, నిష్పత్తి 1,000. ముగ్గురు పిల్లల తేడా మీద ఒక ఊరిని దోషిని చేయలేం. ఇలాంటి నిష్పత్తులకు మండలమో జిల్లానో చూడాలి. అక్షరాస్యతకు ఇంకో చిన్న మెలిక: 1991 నుంచి ఏడేళ్ళు నిండినవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటున్నారు. వెయ్యి మందిలో పిల్లలు వంద, చదువొచ్చినవాళ్ళు 600 అయితే అక్షరాస్యత 60 కాదు, 66.7 శాతం. చాలా ప్రొఫైళ్ళలో 60 అని తప్పుగా భాగించి పెడతారు.

2027లో అడగబోయేది

2021లో జరగాల్సిన జనగణన ఆగిపోయింది. ఇప్పుడు ప్రకటించిన దాని ప్రకారం 2027 మార్చి 1 లెక్కకు ప్రామాణిక తేదీ. 1931 తర్వాత మొదటిసారి ఇందులో అన్ని కులాలూ నమోదు చేస్తామన్నారు. పరిపాలనా హద్దుల్ని 2025 డిసెంబరు 31తో స్తంభింపజేశారు కాబట్టి పోచంపల్లి ఈసారి మున్సిపాలిటీగానే లెక్కకొస్తుంది, గ్రామాల పట్టికలో దాని పేరు వెతికితే దొరకదు. పాత అంకెతో పోల్చాలంటే ముందు వార్డుల్ని పాత రెవెన్యూ హద్దుతో సరిచూసుకోవాలి. మున్సిపాలిటీ అయ్యాక ఉపాధి హామీ పనులు ఆ ఊరికి వర్తించవు కూడా, అవి పల్లెలకే.

కులం రాసేటప్పుడు వచ్చే పేచీ ఎలా ఉంటుందో 2011 సామాజిక ఆర్థిక కులగణన చూపించింది. 1931లో నమోదైన కులాలు 4,147 అయితే, 2011లో కులం పేర్లు 46 లక్షలకు పైగా వచ్చాయని కేంద్రమే సుప్రీంకోర్టుకు చెప్పింది. అన్ని కులాలు పుట్టుకురాలేదు. ఒకే కులాన్ని ఒకరు కులం పేరుతో, ఒకరు ఇంటిపేరుతో, ఒకరు గోత్రంతో, ఒకరు అక్షరం తేడాతో రాయించారు. నేత ఊరినే తీసుకుంటే పద్మశాలి, పద్మసాలి, సాలి, సాలోళ్ళు, నేతకాని... ఇందులో నేతకాని వాళ్ళు వేరే కులం, ఎస్సీ జాబితాలో ఉన్నారు. దేవాంగులు, తొగటలు, స్వకులసాలీలు ఎవరికివారే. టాబ్ పట్టుకుని వచ్చే టీచర్ చేతిలో సరైన జాబితా లేకపోతే ఒకే వీధి నాలుగు కులాలుగా చీలుతుంది, లేదా నాలుగు కులాలు ఒకటైపోతాయి.

ఆ టీచర్‌ను వాకిట్లోంచే పంపించేయకుండా కూర్చోబెట్టి, కులం పేరు సర్టిఫికెట్‌లో ఉన్నట్టే రాయించడం ఒక పని. ఇంట్లో ఆసు పోసే, కండెలు చుట్టే మనిషి తన పేరు ఎదుట ఏ పని రాశారో స్క్రీన్ మీద చూసుకోవడం రెండోది. రెండోదానికి మగ్గం దిగి వచ్చిన ఇంటాయన కాసేపు మాట్లాడకుండా ఉండాల్సి వస్తుంది.